రిటైరైన ఆర్మీ కుక్కను ఇంటికి తెచ్చుకోవాలంటే ఎలా? నాన్నగారి కోసం అడుగుతున్నాను

అల్వాల్ అమ్మాయి

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మాది సికింద్రాబాద్ అల్వాల్‌లో సొంతిల్లు, కింద మేము, పైన అద్దెకున్నవాళ్ళు. నాన్నగారు ఆర్మీలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు, అమ్మ పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్నారు. ఆయన పని సిగ్నల్స్‌లో, కుక్కలతో నేరుగా సంబంధం లేదు. కానీ కశ్మీర్‌లో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే కుక్క, దాని హ్యాండ్లర్ (దాన్ని చూసుకుంటూ నడిపించే జవాను) ముందు నడిచి రోడ్డంతా చూసి వచ్చాకే వీళ్ళ బండ్లు కదిలేవట. ఆ మాట చెప్పినప్పుడల్లా "మనం దాని వెనక నడిచి బతికాం" అంటారు. 2022 అక్టోబర్‌లో అనంతనాగ్ దగ్గర రెండు తూటాలు తగిలి చనిపోయిన జూమ్, 2024లో అఖ్నూర్‌లో చనిపోయిన ఫాంటమ్, ఈ రెండు ఆర్మీ కుక్కల పేపర్ కటింగులు ఆయన పెన్షన్ కాగితాల ఫైల్లో ఉన్నాయి. ఇప్పుడు "రిటైరైన కుక్కని ఒకదాన్ని తెచ్చుకుందాం, అదీ ముసలిదే, నేనూ ముసలివాణ్ణే" అని ఒకటే పట్టు.

నాకు ఇష్టం లేదని కాదు. భయం ఉంది. మావాడికి నాలుగేళ్ళు, ఎక్కడా కుదురుగా ఉండడు. నేనూ మావారూ ఆఫీసులకి వెళ్తాం, పగలంతా నాన్నగారు, పనమ్మాయి మాత్రమే ఉంటారు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. అసలు మామూలు జనానికి ఇస్తారా, ఎవరిని అడగాలి, పిల్లలున్న ఇంట్లో పరవాలేదా, నెలకి ఎంతవుతుంది, దీపావళికి ఏం చేస్తారు? మా మరిదైతే "ఫ్రీగా ట్రైనింగ్ అయిన కుక్క వస్తుంటే ఆలోచించేదేముంది వదినా, ఇంటికి సెక్యూరిటీ" అంటున్నాడు. ఆ మాట వింటే నాకు ఇంకా టెన్షన్ పట్టుకుంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కూకట్‌పల్లి కింగ్

సూపర్ ఐడియా అండీ. ఇస్తే మాలినాయ్ జాతిది అడగండి, ల్యాబ్రడార్ ఎందుకు, అందరి ఇళ్ళలో అదే ఉంది. మా అన్నయ్యకి శంకర్‌పల్లి దగ్గర ఫామ్‌హౌస్ ఉంది, ఆయనకి కూడా ఒకటి కావాలి. బ్రీడింగ్‌కి కూడా పనికొస్తుంది కదా. ఎక్కడ అప్లై చేయాలో నాకూ చెప్పండి.

తాడేపల్లిగూడెం తాతయ్య

అమ్మా, నేను ఆర్‌వీసీలో పనిచేసి వచ్చినవాణ్ణి. ఆర్‌వీసీ అంటే రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్, ఆర్మీలో గుర్రాలు, కంచరగాడిదలు, కుక్కలు అన్నీ ఈ కోర్ చేతిలోనే. 1779లో గుర్రాలతో మొదలైంది. నీ ప్రశ్నలకి నాకు తెలిసినంత చెబుతాను, పై తమ్ముడికి చివర్లో చెబుతాను.

ఇస్తారు. అడగాల్సిన చోటు మీరట్ కంటోన్మెంట్‌లోని ఆర్‌వీసీ సెంటర్ అండ్ కాలేజ్. ట్రైనింగ్ జరిగేదీ అక్కడే, సర్వీసు అయిపోయినవి చేరేదీ ఎక్కువగా అక్కడికే. కమాండెంట్ గారి పేరున ఉత్తరం రాయాలి. మీరెవరు, ఇల్లు ఎలాంటిది, పగలు ఎవరుంటారు, ఇదివరకు కుక్కను పెంచారా, ఇవన్నీ దాచకుండా రాయండి. చివరిదాకా చూసుకుంటామని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. 2024 డిసెంబర్ 14న, కోర్ 246వ రైజింగ్ డేకి (కోర్ ఏర్పడ్డ రోజు పండగ), 12 రిటైరైన కుక్కలను ఆశా స్కూళ్ళకి, మామూలు పౌరులకి ఇస్తున్నట్టు ఆర్మీయే ప్రకటించింది. ఆశా స్కూళ్ళంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఆర్మీ కుటుంబాలవాళ్ళు నడిపే బడులు. పిల్లల మధ్యకి ఏ కుక్కనైనా పంపేయరు కదమ్మా, చూసి, పరీక్షించి, మెత్తని స్వభావం ఉన్నదాన్నే ఇస్తారు. అందుకే నువ్వు ఉత్తరంలో నాలుగేళ్ళ బాబు ఉన్నాడని మొదటి పేరాలోనే రాయి. అది దాచి తెచ్చుకున్నావంటే తర్వాత కష్టం పిల్లాడికీ కుక్కకీ కూడా.

రెండోది. ఏ కుక్క అన్నది కాదు, ఏ పని చేసిన కుక్క అన్నది అడుగు. మా దగ్గర పనులు చాలా రకాలు. మందుపాతర్లు, పేలుడు పదార్థాలు పట్టేవి, అడుగుజాడ పట్టి పోయేవి, కాపలావి, మంచు కింద మనుషుల్ని వెతికేవి, ముందుకెళ్ళి శత్రువు మీద పడే అసాల్ట్ కుక్కలు. జూమ్, ఫాంటమ్ ఈ చివరి రకం. పేలుడు పదార్థాలు పట్టే ల్యాబ్రడార్‌కి నేర్పేదే నెమ్మది. వాసన తగిలితే మొరగదు, గోకదు, అక్కడే కూర్చుంటుంది, అంతే. హ్యాండ్లర్‌ని చూస్తుంది. ఇలాంటిది మీ ఇంటికి సరిపోవచ్చు. కాపలా కుక్క, అసాల్ట్ కుక్క పిల్లాడున్న ఇంట్లో వద్దే వద్దు, ఎవరెన్ని చెప్పినా.

మూడోది అసలైనది. మా దగ్గర కుక్కకి రోజంతా ఒక లెక్క ప్రకారం నడుస్తుంది. తెల్లారకముందే లేవాలి, బ్రష్షుతో ఒళ్ళంతా దువ్వాలి, ఆ దువ్వేటప్పుడే కాలివేళ్ళ మధ్య ముల్లుందా, చెవిలో పిడుదు ఉందా అని వేలు పెట్టి చూస్తాం, తర్వాత పని, తర్వాత తిండి, అన్నీ ఆ టైముకే. ఒక కుక్క, ఒక మనిషి. రిటైరైన రోజున దానికి పనీ పోతుంది, మనిషీ పోతాడు. హ్యాండ్లర్‌కి ఇంకో పోస్టింగ్ వస్తుంది, క్వార్టర్లో కుక్కని పెట్టుకునే వీలుండదు, వాడూ ఏడుస్తూనే వెళ్తాడు. మీ ఇంటికొచ్చిన మొదట్లో అది తినకపోవచ్చు. గేటు దగ్గరే కూర్చోవచ్చు. బంధువుల్ని పిలిచి ఫోటోలు తీయించకండి. ఒక్కరే తిండి పెట్టాలి, ఒక్కరే నడిపించాలి, మీ ఇంట్లో అది నాన్నగారే. ఆయన ఫౌజీ కాబట్టి టైమంటే టైము, ఆ విషయంలో నాకు ధీమాగా ఉంది.

అది ఏ మాటకి కూర్చుంటుంది, ఏ మాటకి ఆగుతుంది అన్నది హ్యాండ్లర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి. అతను లేకపోతే కెనెల్లో (కుక్కల్ని ఉంచే చోట) చూసేవాళ్ళని అడగండి. చాలామంది ఈ పని చేయరు. ఇంటికి తీసుకెళ్ళి తెలుగులో ముద్దుగా పిలుస్తూ అది పలకట్లేదని, చెవుడేమో అని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు!

దీపావళి సంగతి చెబుతాను, ఇది తెలిసినవాళ్ళింట్లో నా కళ్ళతో చూసింది. రిటైరైన ఎక్స్‌ప్లోజివ్ ల్యాబ్రడార్, అంటే పేలుడు పదార్థాలు పట్టేది. పండగ ముందు పిల్లలు టపాకాయల సంచి తెచ్చి మంచం కింద పెట్టారు. అది గదిలోకి వచ్చింది, ముక్కు ఎత్తింది, మంచం దగ్గరికెళ్ళి కుదురుగా కూర్చుంది. పిలిస్తే రాదు, బిస్కెట్ వేస్తే చూడదు. పాపం, అది తన డ్యూటీ చేస్తోంది. దానికి కావలసింది మెచ్చుకోలు, దాని రబ్బరు బంతి. ఇంట్లోవాళ్ళకి అర్థం కాక గొలుసు పట్టి లాగుతున్నారు. నేను బంతి తెప్పించి దాని ముందు వేశాక లేచి తోక ఊపుకుంటూ వెళ్ళింది. కాబట్టి మీ ఇంట్లో టపాకాయలు పెట్టొద్దు, పైన అద్దెకున్నవాళ్ళకి కూడా చెప్పండి, ఒక బంతి మాత్రం ఎప్పుడూ నాన్నగారి జేబులో ఉండాలి.

కూకట్‌పల్లి తమ్ముడూ, ఎనిమిది తొమ్మిదేళ్ళు దేశానికి పనిచేసి వచ్చిన దాన్ని బ్రీడింగ్‌కి అడగడమేంటయ్యా. ఉత్తరంలో ఆ మాట రాసిచూడు, జవాబు కూడా రాదు.

నల్లమల నుంచి

మాలినాయ్ కావాలన్న అన్నకి ఒక్క మాట. మాది నాగర్‌కర్నూల్ జిల్లా. 2025 ఫిబ్రవరిలో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలినప్పుడు కేరళ పోలీసుల మాలినాయ్ కుక్కలు రెండు వచ్చినయి, మాయ, మర్ఫీ అని. ముఖద్వారం నుంచి 13 కిలోమీటర్ల పైన లోపల, బురద, నీళ్ళు, చీకటి, మనుషులు ఊపిరాడక బయటికొచ్చే చోట అవి వాసన చూసి చూపించినయి. మార్చి 9న ఒకరి మృతదేహం దొరికింది. ఆ జాతి కుక్కకి ఉన్న తడాఖా అది. దాన్ని తెచ్చి ఫామ్‌హౌస్‌లో గొలుసేసి కట్టేస్తే రెండు వారాల్లో తన తోక తనే కొరుక్కుంటది. పని లేకుండా ఉండలేదు అది, వయసైనా సరే.

కూకట్‌పల్లి కింగ్

సరే సరే, అందరూ కలిసి నన్ను ఆడుకుంటున్నారు. తెలీక అడిగాను. బ్రీడింగ్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

బెజవాడ పశువైద్యురాలు

తాతయ్యగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను వైద్యం వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఇక్కడే అందరూ దెబ్బతింటారు. రిటైరైన పోలీసు కుక్కలు కొన్ని నా దగ్గరికి వస్తుంటాయి.

ముందు ఫ్లోరింగ్ చూసుకోండి. నవ్వకండి. మన ఇళ్ళలో గ్రానైటో, అద్దంలా మెరిసే టైల్సో ఉంటాయి, దానికి తోడు రోజూ తడిగుడ్డ. ఏళ్ళ తరబడి గోడలు దూకి, బండ్ల మీంచి దూకి వచ్చిన కుక్కకి తుంటి కీళ్ళు, నడుము అరిగిపోయి ఉంటాయి. జర్మన్ షెపర్డ్, ల్యాబ్రడార్ రెండింటికీ తుంటి జబ్బు జాతిలోనే ఉంది. నున్నటి నేల మీద వెనక కాళ్ళు చెరోవైపు జారిపోతాయి, ఒకసారి అలా పడితే భయపడి లేవడమే మానేస్తుంది. అది పడుకునే చోటి నుంచి గిన్నె దాకా, అక్కడి నుంచి గుమ్మం దాకా రబ్బరు మ్యాట్ పరవండి. యోగా మ్యాట్లు ముక్కలు కోసి వేసినా చాలు. మెట్లుంటే ర్యాంప్. ఇది మందుల కన్నా ఎక్కువ పనిచేస్తుంది, మందుల కన్నా చవక కూడా.

తీసుకునేటప్పుడు దాని హెల్త్ రికార్డు మొత్తం అడగండి. టీకాలు, పాత గాయాలు, ఇంతకుముందు వచ్చిన టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం), తుంటి ఎక్స్‌రే తీసి ఉంటే అది. సర్వీసులో ఉన్న కుక్కకి ఇవన్నీ రాసి పెడతారు, ఇంట్లో పెరిగిన కుక్కకి ఈ అదృష్టం ఉండదు. ఇంటికొచ్చిన వారంలోపు మీ డాక్టర్ దగ్గర రక్తపరీక్ష చేయించండి, ముఖ్యంగా కిడ్నీ, లివర్. ఎందుకంటే కీళ్ళ నొప్పులకి రాసే మందులు నెలల తరబడి వాడాలి, కిడ్నీ సరిగా లేకపోతే అవే ప్రాణం మీదికి తెస్తాయి.

నాన్నగారికి గట్టిగా చెప్పండి: ఆయన మోకాళ్ళకి వేసుకునే మాత్ర దానికి వేయకూడదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్, ఏదైనా సరే. "సగం ముక్కే వేశానమ్మా" అంటూ వస్తారు పెద్దవాళ్ళు, ప్రేమతోనే వేస్తారు, అప్పటికి కుక్క రక్తం కక్కుతుంటుంది. కుక్కలకి వేరే మందులున్నాయి, బరువు చూసి రాస్తాం.

టిక్ ఫీవర్ మన వాతావరణంలో ఏడాది పొడుగునా ఉంటుంది. తిండి మానేసి, మందంగా పడుకుని, ముక్కులోంచి రక్తం వస్తే తెల్లారేదాకా ఆగకండి. ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి. పిడుదుల మందు నెలనెలా తప్పకూడదు. జర్మన్ షెపర్డ్ అయితే ఇంకొకటి, కడుపు మెలితిరగడం. పొట్ట డోలులా ఉబ్బి, వాంతి చేసుకోబోతుంటే ఏమీ రాకపోతే అది గంటల్లో తేలిపోయే వ్యవహారం, ఏ రాత్రి అయినా బయల్దేరాల్సిందే. అమెరికా సైన్యంలో పెద్ద కుక్కలకి ఇది రాకుండా ముందే పొట్టని లోపలి గోడకి కుట్టేస్తారు. తిండి రెండు పూటలా కొంచెం కొంచెంగా పెట్టండి, తినగానే పరిగెత్తించకండి.

ఖర్చు అడిగారు. ఆరోగ్యంగా ఉన్న నెలలో తిండికి, పిడుదుల మందుకి, కీళ్ళ సప్లిమెంట్లకి ఐదారు వేలు అనుకోండి. ఆరోగ్యంగా లేని నెలకి లెక్క లేదు. ఒక ఎమర్జెన్సీకి సరిపడా డబ్బు పక్కన పెట్టుకునే తెచ్చుకోండి. పెరుగన్నం పెట్టొచ్చు, కోడిగుడ్డు, ఉడికించిన చికెన్ పెట్టొచ్చు, ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు వద్దు. ఆదివారం బిర్యానీ బొమికలు అసలే వద్దు. ల్యాబ్రడార్ అయితే పనమ్మాయితో సహా అందరికీ చెప్పండి, ఎవరు ఏం పెట్టినా తింటుంది, లావైతే ఆ తుంటి ఇక లేవదు.

చివరగా, ముప్ఫై కిలోల కుక్క ఒకరోజు తనంతట తాను లేవలేకపోతే ఎవరు ఎత్తుతారు? నాన్నగారు కాదు, ఆయన మోకాళ్ళు పోతాయి. ఈ ప్రశ్నకి ఇంట్లో ఒకరు చెయ్యెత్తాలి.

నిజం నిష్ఠూరం

అందరూ సెంటిమెంట్ మాట్లాడుతున్నారు కాబట్టి నేనొకటి అడుగుతా. 2015 దాకా ఆర్మీ రిటైరైన కుక్కల్ని చంపేసేది. అవునా కాదా? సమాచార హక్కు కింద అడిగితే వాళ్ళే ఒప్పుకున్నారు. ఇప్పుడేమో జనం ఇంటికి తీసుకెళ్ళి సొంత డబ్బుతో చూసుకోవాలి. పతకాలు, సెల్యూట్లు, జెండా కప్పడాలు అన్నీ ఫోటోలకేనా? మనిషికి పెన్షన్ ఉన్నప్పుడు కుక్క వైద్యానికి ప్రభుత్వం ఎందుకివ్వదు?

తాడేపల్లిగూడెం తాతయ్య

అవును బాబూ. కాదని నేననను. పనికిరాదని తేలిన కుక్కకి ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళు. అప్పట్లో రహస్య ప్రాంతాలు కుక్కకి తెలుసని, అనవసరంగా మేపడం భారమని, ఇలా రకరకాలుగా చెప్పేవారు. హ్యాండ్లర్లకి అది ఎలా ఉండేదో నేనిక్కడ రాయను. సంగతి ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళాక, 2015లో ఆ పద్ధతి మారుస్తామని ప్రభుత్వం చెప్పింది. ఇప్పుడు నయం కాని జబ్బుతో బాధపడుతున్నవాటికి తప్ప ఆ ఇంజెక్షన్ లేదని ఆర్మీ చెబుతోంది. అదే ఏడాది ఇంకో కుక్క గురించి కూడా గుర్తు చేస్తాను, మాన్సీ అనే ల్యాబ్రడార్, కుప్వారా జిల్లాలో చొరబాటుదారుల్ని పట్టిచ్చి హ్యాండ్లర్‌తో పాటు చనిపోయింది. దానికి మెన్షన్ ఇన్ డిస్పాచెస్ (సైనిక నివేదికలో పేరు రాసి ఇచ్చే గౌరవం) వచ్చింది. రెండూ ఒకే ఆర్మీలో ఒకే సంవత్సరం.

వైద్యం ఖర్చు విషయంలో నీతో ఏకీభవిస్తాను. ఇవ్వాలి. కానీ అది వచ్చేదాకా కెనెల్లో ముసలికుక్క ఆగదు కదా.

టెక్సాస్ పులిహోర

ఆ "ఎందుకివ్వదు" అన్నదానికి ఇక్కడి సంగతి చెబుతాను, గొప్పలకి కాదు. నేనుండేది శాన్ ఆంటోనియోలో, ఊళ్ళోనే లాక్‌లాండ్ ఎయిర్‌ఫోర్స్ బేస్. అమెరికా సైన్యం కుక్కలన్నిటికీ ట్రైనింగ్ ఇక్కడే. దత్తత ఇచ్చేదీ ఇక్కడే.

వీళ్ళ చరిత్రేమీ గొప్పది కాదు. వియత్నాం యుద్ధానికి సుమారు 4,000 కుక్కల్ని తీసుకెళ్ళి చాలావరకు అక్కడే వదిలేశారు, లేదా చంపేశారు. లెక్కల్లో అవి మిగులు సామగ్రి, తుప్పుపట్టిన జీపు ఎలాగో అవీ అలాగే. 2000 నవంబర్‌లో రాబీస్ లా అని చట్టం వచ్చాకే జనం దత్తత తీసుకునే వీలు కలిగింది. రాబీ ఒక మాలినాయ్, దాని పాత హ్యాండ్లర్ ఇవ్వమని కాళ్ళరిగేలా తిరిగాడు. చట్టానికి పేరైతే పెట్టారు గానీ రాబీ మాత్రం ఇంటికి చేరలేదు, 2001 మొదట్లోనే దానికి ఇంజెక్షన్ ఇచ్చి చంపేశారు. ఆ తర్వాత మరో చట్టంతో విదేశాల్లో రిటైరైన కుక్కల్ని దేశానికి తీసుకురావాలని, ముందు అవకాశం పాత హ్యాండ్లర్లకే ఇవ్వాలని పెట్టారు. మన దగ్గర కూడా ఇలా కాగితం మీద ఉంటే బాగుంటుంది అనిపిస్తుంది నాకు. తాతయ్యగారు చెప్పిన ఆ ఏడ్చుకుంటూ వెళ్ళే హ్యాండ్లర్‌కి రేపు సొంతింట్లో చోటుంటే, అతనికే ముందు ఫోన్ వెళ్ళాలి కదా.

అయినా ఇక్కడ కూడా దత్తతయ్యాక వైద్యం ఖర్చు ప్రభుత్వం పెట్టదు. తెచ్చుకున్నవాళ్ళదే. కొన్ని స్వచ్ఛంద సంస్థలు ఆపరేషన్లకి, మందులకి చందాలు పోగుచేసి సాయం చేస్తాయి.

నేను ఒకప్పుడు అప్లై చేద్దామని లాక్‌లాండ్‌వాళ్ళ నియమాలు చూశాను. ఐదేళ్ళ లోపు పిల్లలుంటే ఇవ్వరు. ఆరడుగుల కంచె ఉండాలి. ఇంట్లో ఇప్పటికే మూడు కుక్కల కంటే ఎక్కువ ఉండకూడదు. మన డాక్టర్ ఎవరో దరఖాస్తులోనే రాయాలి. నిరీక్షణ ఏడాది దాటుతుంది. మా పాప అప్పటికి చిన్నది కాబట్టి ఆగిపోయాను. అల్వాల్ అమ్మాయిగారూ, మీ బాబుకి నాలుగేళ్ళు అన్నారు కాబట్టి ఈ ఐదేళ్ళ నియమం మీకు చెప్పాలనిపించింది. ఒక్క ఏడాది ఆగితే పోయేదేమీ లేదు.

ఇంకోటి, ఇక్కడి సైనిక పశువైద్యులు 2011 ప్రాంతం నుంచి కుక్కల్లో కూడా పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవాల తర్వాత మనసుకి పట్టే జబ్బు) ఉంటుందని గుర్తిస్తున్నారు. యుద్ధంలో తిరిగొచ్చిన కుక్క ఉన్నట్టుండి బండెక్కనంటుంది, తలుపు చప్పుడికి బల్లకింద దూరి వణుకుతుంది. అన్నిటికీ ఉండదు. కానీ అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి, శబ్దాలకి ఎలా ఉంటుంది అని.

రైలు పిచ్చి

మీరట్ నుంచి తెచ్చేదెలా అని ఎవరూ అడగలేదేంటి! కుక్కని రైల్లో తేవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే (ఇద్దరికి సరిపడే చిన్న గది) మొత్తం మీ పేరున ఉండాలి, లేకపోతే బ్రేక్‌వ్యాన్‌లో (గార్డు, సామాన్లు ఉండే పెట్టె) డాగ్ బాక్సు. ముసలికుక్కని డాగ్ బాక్సులో వేసి ఇంత దూరం తేవడం పాపం, చేయకండి. ఢిల్లీ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఫస్ట్ ఏసీ ఉంది. కూపే దొరకడం మన చేతిలో ఉండదు, ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. పార్సిల్ ఆఫీసులో దానికి టికెట్ తీసుకోవాలి, టీకాల కాగితం, డాక్టర్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. ఏప్రిల్, మే, జూన్ వద్దు. నవంబర్ దాటాక తెచ్చుకోండి, దీపావళి గొడవ కూడా అయిపోతుంది. ఇంటికొచ్చాక మున్సిపల్ కార్పొరేషన్‌లో కుక్క లైసెన్సు మర్చిపోకండి.

మేడ మీద మొక్కలు

మీరట్ దాకా ఎందుకు, దగ్గర్లో కూడా చూడొచ్చు కదా? జిల్లా పోలీసుల డాగ్ స్క్వాడ్‌లు ఉన్నాయి, మొయినాబాద్‌లో పోలీసు కుక్కల ట్రైనింగ్ ఉంది, ఎయిర్‌పోర్టులో పనిచేసే సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) కుక్కలున్నాయి. 2019 నవంబర్‌లో ఢిల్లీలో సీఐఎస్ఎఫ్ ఏడు కుక్కలకి మెడల్స్ వేసి వీడ్కోలు సభ పెట్టి ఒక స్వచ్ఛంద సంస్థకి అప్పగించింది. పారామిలిటరీవాళ్ళు ఎక్కడికక్కడ ఇలా ఇస్తుంటారు. మీ దగ్గర్లోని యూనిట్‌కి వెళ్ళి అడిగితే ప్రయాణం తప్పుతుంది, కుక్కని ముందే నాలుగుసార్లు చూడొచ్చు, నాన్నగారికి దానికీ పొత్తు కుదురుతుందో లేదో తెలిసిపోతుంది. మీ నాన్నగారికి ఆర్మీ కుక్కే కావాలంటే వేరే సంగతి.

ఇంకో మాట కూడా, కోపం తెచ్చుకోకండి. తెచ్చుకోవడం కుదరకపోతే చేసే సాయం కూడా సాయమే. మా కాలనీలో ఒక రిటైర్డ్ హ్యాండ్లర్ తను పనిచేసిన కుక్కనే తెచ్చుకున్నాడు. మేం నలుగురం కలిసి దాని పిడుదుల మందు, మాత్రల ఖర్చు పంచుకుంటున్నాం, ఆయన ఊరెళ్తే మా ఇంట్లో ఉంటుంది. ఆయనకి మొహమాటం, మొదట్లో ఒప్పుకోలేదు. "మీకు కాదండీ, దానికి" అంటే అప్పుడు ఒప్పుకున్నాడు.

అల్వాల్ అమ్మాయి

అబ్బ, ఇన్ని జవాబులొస్తాయని అనుకోలేదు. అందరికీ థ్యాంక్సండీ, తాతయ్యగారికి, డాక్టర్‌గారికి మరీ మరీ.

రాత్రి భోజనాలయ్యాక నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. 2015 సంగతి దగ్గర ఆయన ఏమీ మాట్లాడలేదు. బంతి దగ్గర నవ్వారు. ముప్ఫై కిలోలు ఎవరెత్తుతారు అన్నదగ్గర మావారు చెయ్యెత్తారు, నేను అడగకుండానే, కాబట్టి అది తేలిపోయింది. ఐదేళ్ళ నియమం విన్నాక నాన్నగారే "అయితే ఒక ఏడాది ఆగుదాం, ఈలోపు ఇల్లు సిద్ధం చేద్దాం" అన్నారు. హాల్లో పాలిష్ గ్రానైటే, నిన్నటి దాకా దాని మెరుపు చూసి మురిసిపోయాను, ఇప్పుడు దాన్ని చూస్తే కాళ్ళు జారడమే కనిపిస్తోంది. మరిదికి సెక్యూరిటీ కావాలంటే సీసీ కెమెరా పెట్టించుకోమన్నాను.

ఇంకో రెండు డౌట్లు. ఉత్తరం ఇప్పుడే రాయాలా, ఏడాది అయ్యాక రాయాలా? నాన్నగారు సర్వీసు మనిషి అని రాస్తే పైరవీలా ఉంటుందా?

తాడేపల్లిగూడెం తాతయ్య

ఇప్పుడే రాయమ్మా. బాబుకి ఐదు నిండాకే కావాలని, ఫలానా నెల తర్వాత అయితే మంచిదని అందులోనే రాయి. వాళ్ళకి కూడా మీ ఇంటికి తగిన కుక్క సర్వీసు ముగిసేదాకా టైము పడుతుంది. నాన్నగారి ర్యాంకు, సర్వీసు నంబరు, యూనిట్ తప్పక రాయండి. అది పైరవీ కాదు, పొద్దున్నే లేచే మనిషి ఒకడున్నాడని వాళ్ళకి తెలుస్తుంది. పగలంతా ఇంట్లో ఉంటారని, కింది అంతస్తని, మెట్లు లేవని రాయండి. ఎక్స్‌ప్లోజివ్ పని చేసిన ల్యాబ్రడార్ అని అడగండి, ఆడదైతే ఇంకా మంచిది. జవాబు ఆలస్యమైతే ఊరుకోకుండా ఇంకో ఉత్తరం వేయండి.

బెజవాడ పశువైద్యురాలు

గ్రానైట్ తీసేయించకండమ్మా, అంత అవసరం లేదు. మ్యాట్లు చాలు. తుంటి ఎక్స్‌రే అడగడం మాత్రం ఉత్తరంలోనే రాసేయండి, అక్కడికెళ్ళాక మొహమాటంతో మర్చిపోతారు.